నీళ్ళని కండ అని చెప్పిన మిషను

"అమ్మా, మిషనుకి నీ మీద పగేముంది? కొవ్వు నలభై ఒకటి నుంచి ముప్ఫై ఆరుకొచ్చింది. కండ పెరిగింది. ఇంకేంటి నీ బాధ?"

"బరువు కూడా ఐదు కేజీలు పెరిగింది. అదీ ఆ మిషనే చెప్తంది."

"పెరిగింది కండే. కండకి బరువుంటది."

"మూడు మెట్లెక్కలేని కండేంటే? నాకెందుకు ఆ కండ?"

"అత్తయ్యగారూ, ఇది కొండ మీది ఊరు. గాలి పల్చన. కొత్తగా వచ్చినోళ్ళకి ఆయాసం మామూలే."

"వచ్చి మూడు నెలలైంది బాబూ. ఇంకా కొత్తేనా?"

ఈ గొడవ జరిగింది జనవరి నెలాఖర్లో, ఒక శుక్రవారం పొద్దున, సౌదీలోని అభాలో మా అమ్మాయి ఇంట్లో. శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కిటికీ బయట మంచు పట్టి ఎదురింటి గోడ కూడా కనపడటం లేదు. నేను చెప్పుల్లేకుండా ఆ బరువు మిషను గాజు పలక మీద నిలబడి ఉన్నాను. మా అమ్మాయి ప్రసన్న, అల్లుడు అనిల్ సోఫాలో ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఫోన్లోకి చూస్తున్నారు. మూడు నెలలుగా రోజూ పొద్దున ఇదే వరస. నా కాళ్ళు ఇక్కడ, వాళ్ళ కళ్ళు అక్కడ. నా ఒంట్లో సంగతి నన్ను అడగకుండా ఫోన్ని అడిగారు. ఇప్పుడు కాస్త ఒళ్ళు కుదుటపడింది కాబట్టి రాస్తున్నాను. రాస్తుంటే ఇంకా చిరాకుగానే ఉంది.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. నిజాంపట్నంలో ముప్ఫై ఏళ్ళు ఎండు చేపలు అమ్మాను. ఆ చేపల మీదే ప్రసన్నని నర్సింగు చదివించాను. తను ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. అల్లుడు ఒక కట్టుబడి కంపెనీ ఆఫీసులో చేస్తాడు. మంచివాడే. తాగడు, తిరగడు. ఏ వస్తువు కొన్నా దాని గురించి ఫోన్లో గంటసేపు చదివి కొంటాడు, కొన్నాక దాని మాట దేవుడి మాట.

నవంబరులో వచ్చాను. ప్రసన్నకి కానుపయ్యి నాలుగు నెలలు. డ్యూటీలో చేరాలి, బిడ్డని చూడాలి, అందుకని నాకు విజిట్ వీసా తీశారు. వచ్చేటప్పుడు ఎండు చేపలు, మెత్తళ్ళు రెండు కేజీలు, సావిళ్ళు రెండు కేజీలు, మూడేసి కవర్లలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. వాసన బయటికి రాకుండా కట్టడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

ఆ మిషను అల్లుడు ప్రసన్న కోసం కొన్నాడు, కానుపు తర్వాత ఒళ్ళు తగ్గించుకుంటుందని. పల్చటి గాజు పలక, నాలుగు మూలలా స్టీలు బిళ్ళలు. ఎక్కి నిలబడితే గాజు మీద బరువు పడుతుంది. మిగతా జాతకమంతా ఫోన్లోకి పోతుంది. కొవ్వెంత, కండెంత, ఎముకెంత, నీళ్ళెంత. ఇంట్లో అందరి పేర్లూ దాంట్లో ఎక్కించాడు. నా పేరు ఎక్కించేటప్పుడు ఎత్తు అడిగాడు. నాకేం తెలుసు? గుమ్మం పక్కన నిలబెట్టి అందాజుగా వేశాడు. వయసు అడిగాడు. అదీ తెలియదు. పాస్‌పోర్టు తెచ్చి దాంట్లో ఉన్నది వేశాడు.

ఆ వయసు కథ ఇక్కడే చెప్పాలి. మా ఊళ్ళో ఆధార్ తీయడానికి వచ్చినవాడు పుట్టిన ఏడాది అడిగితే, మా అన్న పడవెక్కిన ఏడాది అన్నాను. వాడు నా మొహం చూసి ఒక ఏడాది వేశాడు, తేదీ జనవరి ఒకటి. ముప్ఫై ఏళ్ళు ఎండలో చేపలు తిరగేసిన మొహం కదా, నా లెక్క కంటే ఎనిమిదేళ్ళు ఎక్కువే వేశాడు. ఆ ఏడాది ఆధార్ నుంచి పాస్‌పోర్టుకెక్కింది, పాస్‌పోర్టు నుంచి వీసాకి, వీసా నుంచి ఈ మిషనుకి.

మొదటి రోజు బరువు అరవై ఒకటి, కొవ్వు నలభై ఒకటి శాతం అని వచ్చింది. ఫోన్లో ఎర్ర రంగు పడింది. ఎరుపంటే ప్రమాదమన్నారు. నేను నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళు తరాజు పట్టినదాన్ని. తట్ట తూస్తే బరువు తెలుస్తుంది. దాంట్లో చేపెంత, ఉప్పెంత, ఇసకెంత అన్నది ఏ తరాజూ చెప్పదు. అది తెలియాలంటే చేప మీద బొటనవేలు పెట్టి నొక్కాలి. సరిగ్గా ఎండింది గట్టిగా నిలుస్తుంది. తడి ఉన్నది గుంట పడుతుంది. ఉప్పు ఎక్కువ దట్టించి, పూర్తిగా ఎండనివ్వకుండా అమ్మేవాళ్ళు ఉంటారు. ఉప్పు నీటిని పట్టుకుని కూర్చుంటుంది, తూకం ఎక్కువొస్తుంది. ఇదంతా చెబితే ప్రసన్న నవ్వింది.

"ఇది తరాజు కాదమ్మా. కాళ్ళలోంచి కరెంటు పంపి చూస్తది."

సరే, చదువుకున్నవాళ్ళు. నాకు అన్నం తగ్గించారు. మధ్యాహ్నం ఒక గుప్పెడు, రాత్రికి చపాతీ. ప్రొటీన్ తినాలి, అప్పుడు కండ పెరిగి కొవ్వు కరుగుతుందన్నాడు అల్లుడు. కోడి తెచ్చిపెట్టారు. గడ్డకట్టించిన కోడి నా నోటికి పట్టదు. ఎండు చేపలో ప్రొటీన్ ఉంటుందా అని అడిగాను. ఫోన్లో చూసి, చాలా ఉంటుంది అత్తయ్యగారూ, మాంసం కంటే ఎక్కువే అన్నాడు. ఉప్పు సంగతి అతను అడగలేదు, ఫోను చెప్పలేదు, నేను అనుకోలేదు. నాలుగు కేజీలు ఎలాగూ మోసుకొచ్చాను, పాడైపోకుండా కలిసొస్తుందనుకున్నాను. అన్నంలోకైతే రెండు మెత్తళ్ళు చాలు. అన్నం లేనప్పుడు గుప్పెడు కావాలి. రెండు పూటలా వేయించుకుని తిన్నాను. వాసనొస్తోందని కింది ఇంటివాళ్ళు కిటికీ మూసుకునేవాళ్ళు.

డిసెంబరు వచ్చేసరికి కొవ్వు ముప్ఫై తొమ్మిదికి దిగింది. బరువు మాత్రం పెరిగింది. అదంతా కండేనన్నాడు అల్లుడు. ఎండు చేప పనిచేస్తోందన్నాడు. చుట్టాలందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా చెల్లెలు అక్కడి నుంచి మెచ్చుకుంది, పెద్దదానివైనా పట్టుదల గలదానివని. నాకూ కాస్త గర్వం కలిగింది. దాచడం దేనికి.

కానీ ఒళ్ళు వేరే మాట చెబుతోంది. చెప్పుల పట్టీ బిగుసుకుంటోంది. ఇక్కడి చలికి రోజంతా మేజోళ్ళు తొడుక్కునేదాన్ని. సాయంత్రం తీస్తే పైన గాడి పడి ఉండేది. రబ్బరు బిగుతుగా ఉందనుకుని కత్తెరతో కోశాను. కొత్త మేజోళ్ళు, రెండు జతలు పాడు చేసుకున్నాను. క్రిస్మస్‌కి ముందు నుంచీ వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. ఒక దిండు మీద రెండోది వేసుకున్నాను. తర్వాత గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బిడ్డనెత్తుకుని ఎక్కుతుంటే మధ్యలో ఆగి, మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకునేదాన్ని. దానికి అది ఆటనిపించి నవ్వేది. ఒకరోజు నా చేతుల్లో బలం లేక అది జారబోయింది. పట్టుకున్నాను గానీ ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. నాకేదైనా అయితే అయింది, బిడ్డ నా చేతుల్లో ఉండగా అవుతుందేమోనని.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చుట్టపు చూపుగా వచ్చినదాన్ని, ఆస్పత్రి అంటే వాళ్ళకి ఖర్చు, సెలవులు, తిరుగుడు. ప్రసన్న పొద్దున ఆరింటికి పోయి చీకటి పడ్డాక వస్తుంది. వచ్చిందాన్ని కూర్చోబెట్టి నా రోగాలు చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాను. రోజూ పొద్దున మిషనెక్కుతూనే ఉన్నాను కదా, ఏమన్నా ఉంటే చెబుతుందిలే అన్న మూర్ఖత్వం కూడా ఒక మూల ఉంది. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

జనవరిలో అనుమానం గట్టిపడింది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరు, బిడ్డ పడుకుంది. నన్ను తిననివ్వని బియ్యం సంచి వంటింట్లో ఉంది, ఐదు కేజీలది, మూతి విప్పలేదు. అది గుండెకి హత్తుకుని మిషనెక్కాను. ఫోను ఇంట్లో లేకపోయినా మిషను గుర్తుపెట్టుకుని తర్వాత చెబుతుందట. సాయంత్రం అల్లుడు వస్తూనే అడిగాడు, ఇవాళ కొవ్వెందుకు పెరిగింది, ఏం తిన్నారని. ఏమీ తినలేదు, బియ్యం మోశాను అన్నాను. నా చేతుల్లో ఉన్న సంచి బియ్యాన్ని కూడా నా కొవ్వు కింద రాసుకుంది ఆ మిషను.

అతనికి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. అలా ఎవరన్నా ఎక్కుతారా అన్నాడు. సరే, నా వయసు మార్చి చూడండి అన్నాను. ఎనిమిదేళ్ళు తగ్గించాడు. మళ్ళీ ఎక్కాను. అవే కాళ్ళు, అదే చీర, మధ్యలో మంచినీళ్ళు కూడా తాగలేదు. కొవ్వు తగ్గిపోయింది.

"అయితే ఇది నన్ను చూట్టం లేదు బాబూ. మీరు చెప్పిందే మీకు తిరిగి చెప్తంది."

అతను చిన్నబుచ్చుకున్నాడు. పాస్‌పోర్టులో ఉన్నదే కరెక్టని పాత వయసు మళ్ళీ ఎక్కించాడు. కన్నతల్లికి తెలియని ఏడాది ఆధార్ కుర్రాడికి తెలిసినట్టు.

ఇప్పుడు ఆ శుక్రవారానికి వస్తాను. ఇంకా కొత్తేనా అని నేనన్నాక ప్రసన్నకి కోపం వచ్చింది. నువ్వెప్పుడూ ఇంతే, మేం ఏది కొన్నా వంక పెడతావు అంది. నాకు వాదించడానికి ఊపిరి లేదు. మిషను దిగి, సోఫా చివర కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాగాను. చేప మీద పెట్టినట్టే కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు, వేలికి తెలుసు ఎంత నొక్కాలో. తీశాను. గుంట అలాగే ఉండిపోయింది.

"ప్రసన్నా, చేప ఇట్టా ఉంటే నేను కొనను" అన్నాను.

తను ఫోను మీంచి తలెత్తింది. నా మొహం వంక కాదు, కాలి వంక చూసింది. మూడు నెలల్లో అదే మొదటిసారి. లేచొచ్చి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. రెండో కాలు తన వేలితో నొక్కింది. గుంట ఎంతసేపటికి పూడుతుందో పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. తర్వాత ఇంకాస్త పైన నొక్కింది. అక్కడా గుంటే. కోపం పోయి తన మొహం ఆస్పత్రి మొహం అయిపోయింది.

"ఎన్నాళ్ళ నించి?"

"క్రిస్మస్ ముందు నించి."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ మిషను చెప్తంది గదా అని."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రోజూ వార్డులో ఎంతమంది కాళ్ళు అలా నొక్కి చూస్తుందో పాపం. ఇంట్లో తల్లి కాళ్ళు చూడలేదన్న సంగతి తనకి ఒకరు చెప్పక్కర్లేదు.

గంటలో ఆస్పత్రిలో ఉన్నాం. తను పనిచేసే చోటే అయినా వరస వరసే. విజిట్ వీసా మీద ఉన్నదాన్ని కదా, ఇన్సూరెన్సు కాగితాల కోసం ప్రసన్న ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుతోంది. అల్లుడు బిడ్డతో బయట కార్లో ఉన్నాడు. ఆడవాళ్ళ గదిలో కుర్చీలు ఎత్తుగా ఉన్నాయి, నా కాళ్ళు నేలకి ఆనవు, వేలాడుతుంటే బరువుకి తెగిపోతాయేమో అన్నట్టు ఉంది. వెనక్కి వాలితే ఊపిరాడదు, ముందుకి వంగితే కళ్ళు తిరుగుతాయి. అక్కడ నేను భయపడ్డాను. చావుకి కాదు. ఈ చలి ఊళ్ళో, ఈ కుర్చీలో, పక్కవాళ్ళతో ఒక్క మాట మాట్లాడే భాష కూడా లేకుండా పోతానేమోనని.

నా పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది, ఈ ఊరామే. ముసుగులోంచి కళ్ళు, గోరింటాకు పెట్టిన వేళ్ళు, అంతే కనపడుతున్నాయి. నా కాళ్ళ వంక చూసింది. ఏమీ అడగకుండా తన బట్టల సంచి నా కాళ్ళ కింద పెట్టింది. వంగి, నా చీలమండ మీద వేలితో నొక్కి, "మోయా" అంది. నీళ్ళు. ఆ మాట నాకు వచ్చు, ఇంటికి నీళ్ళ డబ్బాలు తెచ్చేవాడు అదే అరుస్తాడు. ఆమెకి ఏ ఫోనూ అవసరం రాలేదు. నన్ను లోపలికి పిలిచేదాకా ఆ సంచి అలాగే ఉంచింది. నేను లేచాక నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టింది. పేరు కూడా తెలియదు.

డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఆవిడ చెప్పింది ప్రసన్న తెలుగులో చెప్పింది. గుండె నీరసపడింది, ఒంట్లో నీళ్ళు తోడలేకపోతోంది, ఆ నీళ్ళే కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో చేరాయి. ఏం తింటుందని అడిగింది. ప్రసన్న ఎండు చేపల సంగతి చెప్పేసరికి డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "మిల్హ్, మిల్హ్" అని నా వైపు వేలు ఆడించింది. మిల్హ్ అంటే ఉప్పు. నాకు సిగ్గేసింది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుందని ఊరందరికీ చెప్పినదాన్ని. నన్ను నేనే తడి చేపలా తయారు చేసుకున్నాను. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆ ప్రశ్న ప్రసన్న డాక్టరమ్మకి చెప్పలేదు. వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడింది. నేను పిలిచి, ఇక్కడ ఏడవకు, నీతో పనిచేసేవాళ్ళు చూస్తారు అన్నాను. నాకు తెలిసిన ఓదార్పు అదే.

తొమ్మిది రోజులు ఉంచారు. ఆ రోజుల గురించి ఏమీ రాయను, మంచం, మందులు, మాటిమాటికీ లేచి బాత్రూముకి పోవడం. మూడో రోజు మాత్రం వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ప్రసన్న డ్యూటీ మధ్యలో వచ్చి చూసి, భయపడి నన్ను లేపిందట. నేను తిట్టి మళ్ళీ పడుకున్నానట.

ఫిబ్రవరిలో ఇంటికొచ్చాను. వచ్చిన సాయంత్రమే మిషనెక్కాను. గాజు మీద యాభై ఎనిమిదిన్నర పడింది. ఏడున్నర కేజీల నీళ్ళు పోయాయన్నమాట. ఇంతలో ఫోను మోగింది. అల్లుడు చూసి, చదవడానికి మొహమాటపడ్డాడు. చదవమన్నాను. కొవ్వు నలభై రెండు, ఎరుపు. కండ బాగా తగ్గింది. ప్రొటీన్ ఎక్కువ తినండి.

నాకు నవ్వాగలేదు. ప్రసన్న నవ్వలేదు. మిషను చంకలో పెట్టుకుని, కింద చెత్త డబ్బాలో పారేసొస్తానని తలుపు దాకా పోయింది.

"ఆగు. పారెయ్యడానికి వీల్లేదు" అన్నాను.

"ఇంకా దీన్ని ఇంట్లో ఉంచుతావా? నిన్ను చంపబోయింది."

"బరువు మొదట్నించీ సరిగానే చెప్పింది. పెరిగింది, పెరిగింది అని రోజూ మొత్తుకుంది. దాన్ని కండన్నది ఫోను. నమ్మింది మనం."

రోజూ పొద్దున బరువు చూసుకోమని, రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే వెంటనే రమ్మని డాక్టరమ్మే చెప్పింది. దాన్ని పారేసి ఇంకోటి కొంటావా అని అడిగాను. ప్రసన్న మిషను తలుపు పక్కన దించింది. అప్పుడు అల్లుడు లోపలికి పోయి ఆ మిషను అట్టపెట్టె తెచ్చాడు. దాంట్లో మడతపెట్టిన కాగితం ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ విప్పలేదు. చిన్న అక్షరాల్లో ఉన్నది అతనే చదివి చెప్పాడు. ఒంట్లో నీరు పట్టినవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి కొవ్వు లెక్క సరిగా రాదట. కరెంటు నీళ్ళలోంచి సులువుగా పోతుంది, కొవ్వులోంచి అంత సులువుగా పోదు. సులువుగా పోయిందల్లా కండేననుకుని, వయసూ ఎత్తూ కలిపి అంచనా కడుతుంది. నిజంగా కొవ్వు చూసేది ఏదీ దాంట్లో లేదు.

"నేను ముందే చదవాల్సింది అత్తయ్యగారూ" అన్నాడు.

చదవాల్సింది. కానీ అతనొక్కడినే అనను. బరువు ఊరికే పెరుగుతూ, కొవ్వు తగ్గిందని మిషను మెచ్చుకుంటుంటే సంతోషపడకండి. మేజోళ్ళ గాడి చూసుకోండి, కాలు నొక్కి చూసుకోండి. ఆయాసం వస్తే ఊరి మీదో వయసు మీదో నెట్టేయకండి. నోరు తెరిచి ఇంట్లోవాళ్ళకి చెప్పండి. చెప్పకుండా దాచుకున్న పొదుపు పొదుపు కాదని నాకు ఇప్పుడు తెలిసింది. మిగిలిన సావిళ్ళు ప్రసన్న కింది ఇంటివాళ్ళకి ఇవ్వబోతే వాళ్ళు వద్దన్నారు.

ఆ సాయంత్రమే అల్లుడు ఫోన్లోంచి నా పేరు తీసేశాడు. మిషను మళ్ళీ గోడ పక్కకి చేరింది.

మర్నాడు పొద్దున లేచి, మొహం కడుక్కుని, టీ తాగకముందే ఎక్కాను. యాభై ఎనిమిదిన్నరే ఉంది. ఫోను మోగలేదు. ప్రసన్న యూనిఫాంలో, భుజాన బ్యాగుతో, బూట్లు కట్టుకోవడానికి వంగింది. వంగి ముందు నా కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది, తీసి చూసింది. గుంట పడలేదు. క్యాలెండరు మీద ఆ రోజు బరువు వేసి డ్యూటీకి పోయింది. నేను ఉప్పు వెయ్యని ఉప్మా తిన్నాను. బాగాలేదు. గిన్నె ఖాళీ చేసి కడిగి బోర్లించాను.